పక్కింటి టేప్ రికార్డరూ, మిగిలిన స్క్రూ

పక్కింటివాళ్ల టేప్ రికార్డర్‌ను నేను చెడగొట్టానని మా గల్లీ అంతా అన్నది. నేను చెడగొట్టలేదు. చేయని తప్పుకు అయిదు నెలలు పాలు లేని చాయ్ తాగాను.

ఈ మాట అప్పుడే గట్టిగా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చినా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పవచ్చు. పక్కింటి పెద్దావిడ పోయి చాలా ఏళ్లయింది. ఆమె కోడలికే ఇప్పుడు కోడలు వచ్చింది. మొన్న ఆ పెద్దావిడ కోడలే మా ఇంటికి వచ్చి, నేను ఏదో రాసుకుంటుంటే చూసి, “గా సెట్టు ముచ్చట గూడ రాయి బాపూ, ఇంకెవలకు భయపడాలె?” అన్నది. అనుమతి దొరికింది కనుక రాస్తున్నాను.

తొంభైలలో మేము లాల్‌దర్వాజా నుంచి గౌలిపుర వైపు పోయే ఒక సన్నని సందులో అద్దెకు ఉండేవాళ్లం. నేను ఒక ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పని చేసేవాణ్ని. బడి నాకు అయిదో తరగతితో సరి. ఆ తరువాతి చదువంతా నా చేతి కిందికి వచ్చిన కాగితాలే. వైద్యం పుస్తకం కుడితే వైద్యం చదివాను, వ్యవసాయం కుడితే వ్యవసాయం. ఒకసారి రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసుకునే పుస్తకం వచ్చింది. మడత తప్పి పక్కన పడేసిన కాగితాలన్నీ ఏరుకొని నాకోసం ఒక ప్రతి కుట్టుకున్నాను. పదహారు పేజీల మడత ఒకటి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. నా ప్రతిలో ఒక పేజీ అడుగున ‘ధ్వని రాకపోవుటకు కారణములు’ అని ఉంటుంది. పేజీ తిప్పితే ‘సెల్లులను ఎండలో ఉంచరాదు’ అని ఉంటుంది. నడుమ ఉన్నదంతా దేవుడికే తెలుసు.

ఆ ఒక్క మడత తప్ప మిగతా పుస్తకమంతా నాకు కంఠతా వచ్చు. సందులో ఎవరి రేడియో గరగరలాడినా నా దగ్గరికే తెచ్చేవారు. అందుకు నేను ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. “మిస్త్రీ కన్న మా బాపే నయం” అంటే చాలు, ఆ రోజంతా నాకు ఆకలి వేసేది కాదు.

పక్కింటి పెద్దావిడకు రెండు బర్రెలు. సందులో సగం ఇళ్లకు ఆమె పాలే. మనిషి కరకు, పాలు చిక్కన. కొడుకు దుబాయిలో వెల్డింగ్ పని చేసేవాడు. ఇంట్లో ఉండేది ఆమె, కోడలు, బర్రెలు. ఆ రోజుల్లో దుబాయికి ఫోన్ చేయడమంటే పెళ్లి చేసినంత పని. ఉత్తరం రాయడానికి ఆమెకు అక్షరాలు రావు. అందుకని సందులో దుబాయి ఇళ్లన్నింటిలాగే వాళ్లకూ క్యాసెట్టే ఉత్తరం. అక్కడ కొడుకు తన గదిలో కూర్చుని మాట్లాడి, ఛుట్టీ మీద, అంటే సెలవుకు, వచ్చేవాళ్లతో క్యాసెట్టు పంపేవాడు. ఇక్కడ వీళ్లు విని, జవాబు నింపి, తిరిగి వెళ్లేవాళ్లతో పంపేవారు.

అలా వినడానికీ నింపడానికీ అతను తెచ్చి ఇచ్చిందే ఆ టేప్ రికార్డర్. జపాన్‌ది. మూరెడు పొడవు, అటు ఒక స్పీకరు, ఇటు ఒక స్పీకరు, పైన పట్టుకోవడానికి పిడి. పెద్దావిడ దానికి పూలు కుట్టిన గుడ్డ కప్పేది. దసరానాడు స్పీకరు జాలీ మీద పసుపు పూసి కుంకుమ పెట్టేది. క్యాసెట్టు వచ్చిన రోజు దాన్ని వాకిట్లో పీట మీద పెడితే సందంతా చుట్టూ చేరేది. “మంచిగున్నవా అమ్మా?” అని కొడుకు గొంతు రాగానే ఆమె “మంచిగనే ఉన్న బిడ్డా” అని పెట్టెకు జవాబు చెప్పేది.

ఒకసారి కొడుకు గొంతు బిందెలోంచి మాట్లాడినట్టు వచ్చింది. పెద్దావిడ కంగారుపడి నా దగ్గరికి వచ్చింది. “అన్నా, పోరనికి జలుబు చేసిందా, సెట్టుకు చేసిందా, జర చూడరాదు” అన్నది. క్యాసెట్టులోని టేపు ఒరుసుకుంటూ పోయే చోట మురికి పట్టిందని నాకు చూడగానే తెలిసింది. పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి తుడిచాను. గొంతు గంటలా పలికింది. ఆమె సంతోషంతో ఆ సాయంత్రం గిన్నె నిండా జున్ను పంపింది.

అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ఈ ఒక్క తప్పు ఒప్పుకుంటాను: అవసరం లేకున్నా దాని వెనక మూత తీశాను. జపాన్‌వాడు లోపల ఎట్లా కుట్టాడో చూడాలనిపించింది. చూశాను, దుమ్ము ఊదాను, మూత బిగించాను. ఒక స్క్రూ మిగిలింది. ఎక్కడిదో ఎంత చూసినా తెలియలేదు. చొక్కా జేబులో వేసుకున్నాను.

వారం గడిచింది. ఒక పొద్దున పెద్దావిడ పాలు పోసి వచ్చి, కొడుకు క్యాసెట్టు మళ్లీ ఒకసారి విందామని మీట నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. చక్రాలు తిరిగాయి. గొంతు లేదు. రేడియో పెట్టింది, అదీ లేదు. కనీసం గర్రుమనలేదు.

ఆమె నా దగ్గరికి రాలేదు. సెట్టును చీరకొంగులో చుట్టి చంకన పెట్టుకొని, కోడలిని వెంటబెట్టుకొని, చార్మినార్ అవతల ఉన్న ఒక రిపేరు దుకాణానికి నడిచింది. ఆ దుకాణదారు మూత తీసి, మరలు బిగించాల్సిన చోట ఒక గుంత ఖాళీగా ఉండటం చూశాడట. “అమ్మా, పహలే కిస్‌కా హాత్ లగా ఇస్‌కు?” అని అడిగాడట. ముందు ఎవరి చేయి పడింది దీని మీద అని! పడ్డ చేయి ఎవరిదో ఆమె చెప్పింది. “బస్, తో గయా, పోయినట్టే. బోర్డు మొత్తం ఖరాబ్” అని మూత పెట్టేశాడు. పరీక్ష లేదు, పాడు లేదు. చదువుకోనివాడి చేయి పడిందంటే చాలు, పెద్ద మిస్త్రీలకు ఇక వెతకాల్సిన పని ఉండదు.

అదే రోజు నా భార్య చొక్కా ఉతుకుతూ జేబులో స్క్రూ చూసింది. చూసినది దాచిపెట్టవచ్చు కదా? చేత్తో పట్టుకొని గోడ మీదుగా పక్కింటికి చూపించింది. “వదినా, గిది మీదేనా?”

పెద్దావిడ మా గడపలో సెట్టు దించి నిలబడింది. సందులో తలుపులన్నీ తెరుచుకున్నాయి.

“ఏందన్నా గిది? సెట్టు పేగులు తీసి జేబుల వేసుకున్నవా?”

“స్క్రూ లేకుంటే మూత ఊగుతది గని సప్పుడెందుకు పోతది?” అన్నాను.

“గదంత నాకెర్క లేదు. నా కొడుకు గొంతు నువ్వు తుడిసినంక వారానికే పోయింది. చెడగొట్టినోనివే బాగు చెయ్. చేసేదాంక నీ ఇంటికి చుక్క పాలు పొయ్య.”

వెనక కోడలు తల వంచుకొని నిలబడి ఉంది. అత్త ముందు కోడలు తల వంచుకోవడం కొత్త సంగతి కాదు కనుక నేను పట్టించుకోలేదు.

మరునాటి నుంచి మా గిన్నె గడపలో ఖాళీగా ఉండేది. నా భార్య ప్యాకెట్టు పాలు తెచ్చింది. నేను ముట్టలేదు. “పక్కింటోళ్ల పాలు బందైతే లోకంల పాలే లేవా?” అన్నది. “పాల లొల్లి గాదు, మర్యాద లొల్లి” అన్నాను. “మర్యాదను చాయ్‌ల కలుపుకో మరి” అని నల్ల చాయ్ గ్లాసు ముందు పెట్టింది. రేడియోలు తెచ్చేవాళ్లు కూడా తేవడం మానేశారు. ఒకాయన గడియారం నాకు ఇవ్వబోయి, మళ్లీ జేబులో పెట్టుకొని వెళ్లాడు. ఆయన్ను నేను ఇప్పటికీ మరచిపోలేదు.

నెల కావస్తుండగా ప్రెస్సుకు సెలవు దొరికిన రోజు చాప మీద పాత పేపరు పరచి సెట్టు ముందు కూర్చున్నాను. నా పుస్తకంలో పోయిన మడత అదే కదా, ‘ధ్వని రాకపోవుటకు కారణములు’! ఆ పదహారు పేజీలు నేనే పూరించుకోవాలి. దీపం వెలుగుతోంది, అంటే కరెంటు వస్తోంది. చక్రాలు తిరుగుతున్నాయి, అంటే మోటారు బాగుంది. క్యాసెట్టుకూ రేడియోకూ రెండింటికీ శబ్దం లేదు, అంటే నేను తుడిచిన చోట తప్పు లేదు. ఈ ఒక్క మాట గట్టిగా అరిచి సందుకు చెప్పాలనిపించింది.

పసుపు లోపలికి జారి శబ్దం పెంచే మీటను పట్టేసిందా అని అటూ ఇటూ వంద సార్లు తిప్పాను. లేదు. మీటను చివరిదాకా తిప్పి అక్కడే వదిలేశాను. స్పీకర్లు పోయాయా అని ఒక సెల్లు తెచ్చి, రెండు తీగలు పెట్టి, స్పీకరు కొసలకు తాకించాను. ‘టక్’ అన్నది. రెండోదీ ‘టక్’ అన్నది. స్పీకర్లు బతికే ఉన్నాయి. మరి గొంతు ఎక్కడ ఆగింది?

అప్పుడు మా బైండింగ్ పని గుర్తొచ్చింది. పుస్తకంలో కుట్టు తప్పితే మేము ఎక్కడో నడుమ వెతకం. దారం కొసను వేళ్లతో పట్టుకొని, ముడి దొరికేదాకా వదలకుండా వెళతాం. స్పీకరు నుంచి బయలుదేరిన ఎర్ర తీగను అలాగే పట్టుకున్నాను. అది బోర్డు దగ్గరికి వెళుతుందనుకున్నాను. వెళ్లలేదు. పక్కకు మళ్లి, గోడవారగా వెళ్లి, ఇయర్‌ఫోన్ పెట్టుకునే చిన్న నల్ల రంధ్రం దగ్గర దూరింది. రెండో స్పీకరు తీగా అక్కడికే వచ్చింది. దీపం పట్టి చూశాను. రంధ్రం లోపల ఒక సన్నని రేకు ఉంది. ఇయర్‌ఫోన్ పిన్ను లోపలికి వెళితే ఆ రేకు పక్కకు ఒరిగి స్పీకర్లకు దారి మూసేస్తుంది, శబ్దం చెవికి మాత్రమే పోతుంది. ఇప్పుడు ఇయర్‌ఫోన్ లేదు. రేకు మాత్రం ఒరిగే ఉంది.

ఏదో అడ్డం ఉంది. శబ్దం వస్తే తెలియాలని క్యాసెట్టును మొదటికి తిప్పి మీట నొక్కి, పుస్తకాలు కుట్టే పెద్ద సూది తీసి, రంధ్రం వెనక నుంచి మెల్లగా నెట్టాను. ఇంకొంచెం నెట్టాను. బియ్యపుగింజంత ఇత్తడి ముక్క ఎగిరి పేపరు మీద పడింది. ఇయర్‌ఫోన్ పిన్ను విరిగిన కొస అది.

అదే క్షణంలో, మీట చివరిదాకా తిప్పి ఉన్న రెండు స్పీకర్ల నుంచీ దుబాయి కొడుకు గొంతు మా ఇల్లు అదిరేలా అరిచింది:

“ఏమే, అమ్మ పాలు పొయ్యనీకె పోయిందా? పోతె చెవుల వైరు పెట్టుకో. ఇగ ఇద్దరం ముచ్చట పెట్టుకుందాం. గా పచ్చచీర కట్టుకున్న రోజు నువ్వు...”

రెండు చేతులతో మీద పడి ఆపేశాను. వంటింట్లో నా భార్య చేతిలోని గరిటె కింద పడింది. క్యాసెట్టు బయటికి తీసి చూస్తే అది రెండో వైపు పెట్టి ఉంది. మేమంతా మొదటి వైపు విని, అది టక్కున ఆగగానే ఉత్తరం అయిపోయిందని లేచి వెళ్లేవాళ్లం. పెద్దావిడకైతే క్యాసెట్టుకు రెండో వైపు ఉంటుందనే తెలియదు.

కోడలు పరుగెత్తుకొచ్చింది. పిండి చేతులతోనే వచ్చి గడపలో ఆగిపోయింది. నా ముఖం చూసింది, పేపరు మీద ఇత్తడి ముక్క చూసింది. ముఖం కుంకుమలా అయింది.

“బాపూ, అత్తమ్మకు చెప్పకు.”

“ఎట్లయిందమ్మా?”

“అత్తమ్మ పాలడబ్బ సప్పుడైంది. జల్ది గుంజిన. ఇరిగింది. వైరు బియ్యం డబ్బల దాసిన.”

“నెల దినాల సంది నన్ను సందంత దొంగను చూసినట్టు చూస్తుంటే, నువ్వు పక్కన నిలబడి చూస్తున్నవా?”

“తప్పయింది బాపూ. చెప్తె ఇగ క్యాసెట్ మొత్తం అత్తమ్మ ముందే పెట్టాలంటది. నాకు ఆయన మాట్లాడేది గా ఒక్క వైపే కద.”

నాకు మండిపోయింది. అటు చూస్తే నా పేరు, ఇటు చూస్తే ఆ పిల్లకు ఉన్న అరగంట మాటలు. “మరి నా పేరెట్ల?” అన్నాను. “ఆయనకు చెప్పు బాపూ. ఆయనే ఏమన్న చేస్తడు” అన్నది. నా భార్య లోపలి నుంచి వచ్చి ఆ పిల్ల చేతి పిండి తుడిచి, నా వైపు తిరిగి, “నువ్వు నోరు తెరిస్తె చూడు” అన్నది. అంతటితో తీర్పు అయిపోయింది.

సెట్టు తీసుకెళ్లి పీట మీద పెట్టి, మొదటి వైపు క్యాసెట్టు పెట్టాను. “మంచిగున్నవా అమ్మా?” అన్న గొంతు రాగానే పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. ఇక పాలు వస్తాయనుకున్నాను.

“ఏమైంది దీనికి?” అని అడిగింది.

“మురికి” అన్నాను. ఇంకేం చెప్పను?

“నువ్వు పెట్టిన మురికి నువ్వే తీసినవ్. గిందుల గొప్పేముంది?”

సందులో అందరూ తలలూపారు. బాగుచేయకపోతే చెడగొట్టినవాణ్ని, బాగుచేస్తే చెడగొట్టినట్టు ఒప్పుకున్నవాణ్ని. ఇలాంటి న్యాయం ఏ పుస్తకంలోనూ నేను కుట్టలేదు. పాలు రాలేదు. అయిదు నెలల్లో మొదటి నెల అలా గడిచింది.

కొద్ది రోజులకు సందులో ఒకతను ఛుట్టీ అయిపోయి దుబాయికి తిరిగి వెళ్తున్నాడని తెలిసి జవాబు క్యాసెట్టు నింపారు. వాకిట్లో సెట్టు పెట్టి, ఎర్ర మీట నొక్కి, వరసగా మాట్లాడతారు. ముందు తల్లి, నా జేబులో స్క్రూ సంగతీ పాలు బంద్ చేసిన సంగతీ కలిపి, తరువాత కోడలు “అందరం మంచిగున్నం” అని రెండు ముక్కలు, నడుమ బర్రె ఒకసారి, ఆ తరువాత ఇరుగుపొరుగు. కోపం ఉన్నవాళ్లకైనా వంతు ఇవ్వాలి, అది పద్ధతి. నా వంతు వచ్చింది. పెట్టె ముందు వంగాను.

“బిడ్డా, నేను పక్కింటి బాపును. మీ సెట్టుల నాకొక ముక్క దొరికింది. బియ్యపుగింజంత ఉంటది. గదేందో, యాడిదో నీకు ఎర్కనే. మీ అమ్మ నన్ను చెడగొట్టినోడంటుంది. నేనేం చెప్తలేను. నువ్వే జవాబియ్యాలె. సందంత వినేటట్టు ఇయ్యాలె.”

“ఏం ముక్క?” అని పెద్దావిడ అనుమానంగా చూసింది. కోడలు బర్రె దగ్గరికి వెళ్లిపోయింది.

నెలన్నరకు ఒక క్యాసెట్టు వచ్చింది. అందరికంటే ముందు వెళ్లి కూర్చున్నాను. వానల గురించి అడిగాడు, బర్రె ఈనిందా అని అడిగాడు, నా సంగతి ఊసే లేదు. మాది అందకముందే నింపి పంపాడని లెక్క వేసుకుంటే తెలిసింది. అయినా ఆ రాత్రి అన్నం సహించలేదు. మళ్లీ ఎదురుచూపు. ఎవరి ఇంటి ముందు దుబాయి పెట్టె దిగినా నేనే ముందు వెళ్లి పలకరించేవాణ్ని. “బాపుకు దుబాయి పిచ్చి పట్టింది” అన్నారు.

అయిదో నెల నిండుతుండగా బొంబాయి మీదుగా ఒకతను వచ్చి క్యాసెట్టు ఇచ్చాడు. సాయంత్రం వాకిట్లో పీట వేశారు. గడియారం ఇవ్వబోయి మానుకున్న ఆయన కూడా వచ్చాడు. నేను పిలవకున్నా వెళ్లి గోడకు ఆనుకొని నిలబడ్డాను. నా పక్కన నా భార్య, గుమ్మంలో కోడలు, సెట్టుకు చెవి ఆనించి పెద్దావిడ. దీపం వెలిగింది, చక్రాలు తిరిగాయి, గొంతు వచ్చింది:

“అమ్మా, మంచిగున్నవా? ఇయ్యాల ముందుగాల బాపుకు జవాబు చెప్త, అందరు వినుండ్రి. సెట్టు ఖరాబ్ చేసింది బాపు గాదు, నేను. పోయిన ఛుట్టీల పగటీలి నువ్వు పండుకుంటె, అమ్మా, నీ గురకకు నాకు పాటలు ఇనవడలే. చెవుల వైరు పెట్టుకున్న. నువ్వు లేస్తె గాబరైతి, గుంజితె ముక్క లోపల్నే ఇరిగింది. గది మెల్లగ జరుక్కుంట పోయి గిప్పుడు అడ్డం పడ్డట్టుంది. బాపుకు అంత ఎర్కనే, గాని నా ఇజ్జత్ తీయొద్దని నోరు మూసుకున్నడు. గసొంటి మనిషికి పాలు బంద్ చేస్తరా అమ్మా? రేపటి సంది పొయ్యి, నీళ్లు కలపకుంట పొయ్యి. బాపూ, నీకు శనార్తులు. నువ్వు చేసిన మేలు మా ఇంట్ల ఇద్దరం మర్వం. ఇగ ఒక్క మాట, మనసుల పెట్టుకోకు: గా జేబుల దొరికిన స్క్రూ మాత్రం మాదే. జర మల్ల పెట్టు.”